మూడు సెట్ల పేపర్లు, 21 బల్లలు: పక్కపక్కన ఒకే సెట్ రాకుండా ఎన్ని రకాలుగా పంచొచ్చు?

పర్లాకిమిడి_మాస్టారు · సోమవారం రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా, పర్లాకిమిడి పక్కన ఊరు. బళ్ళో లెక్కలు చెబుతాను. తొమ్మిదో తరగతిలో 21 మంది. వీధిలో ఒడియా, ఇంట్లో తెలుగు. సందేహం వస్తే మాత్రం తెలుగులోనే అడుగుతారు.

యూనిట్ టెస్టుకి ఎ, బి, సి అని మూడు సెట్లు రాశాను. ఒక్కొక్కరికి ఒక్కో బల్ల, వరసకి 3 బల్లలు, మొత్తం 7 వరసలు. ఎడమా కుడీ, ముందూ వెనకా కూర్చున్నవాళ్ళ దగ్గర తన సెట్టే ఉండకూడదు. షరతు అదొక్కటే. ఇన్నాళ్ళూ ఒకే పద్ధతిలో పంచాను: మొదటి వరసకి ఎబిసి, రెండోదానికి బిసిఎ, మూడోదానికి సిఎబి, నాలుగో వరసకి మళ్ళీ ఎబిసి. ఒక్కో సెట్టూ సరిగ్గా 7 కాగితాలు పడుతుంది, జిరాక్సుకి అదో సుఖం. కానీ రెండు పరీక్షలయ్యేసరికి పిల్లలకి ఆ వరస కంఠతా వచ్చేసింది. ఏ బల్లకి ఏ సెట్ వస్తుందో నేను గదిలోకి రాకముందే చెప్పేస్తున్నారు.

ఈసారి మార్చి పంచుతానని చెబితే ఒక అమ్మాయి లేచి, "మొత్తం ఎన్ని రకాలుగా పంచొచ్చు సార్?" అనడిగింది. బోర్డు మీద మొదలుపెట్టాను. మొదటి బల్లకి 3 దారులు, పక్కదానికి 2, దాని పక్కదానికి 2. మొదటి వరస 12. రెండో వరస మొదటి బల్లకి 2. దాని పక్క బల్ల దగ్గర ఆగిపోయాను. దానికి ముందొకరు, ఎడమనొకరు ఉన్నారు. ఆ ఇద్దరిదీ ఒకే సెట్టయితే 2 దారులు, వేర్వేరయితే 1. ఇక గుణించుకుంటూ పోవడం కుదరలేదు. ఇంతలో గంట కొట్టేశారు. ఆ అమ్మాయికి రేపో ఎల్లుండో జవాబు చెప్పాలి. చెయ్యి పట్టుకుని నడిపించేలా ఎవరైనా చెబుతారా?

---

ఇచ్ఛాపురం_కుర్రాడు · సోమవారం రాత్రి 9:48

మాస్టారూ, నాకు తోచింది చెబుతాను. ఒకసారి 2, ఒకసారి 1 అంటున్నారు కదా, సగటు 1.5 అనుకుందాం. మొదటి వరస 12. మిగతా ఆరు వరసల్లో మొదటి బల్లలకి తలో 2, అంటే 64. మిగిలిన 12 బల్లలకీ తలో 1.5. అన్నీ గుణిస్తే సుమారు 99,645 వచ్చింది. అసలు జవాబు పూర్ణసంఖ్య కావాలి, కాబట్టి ఎక్కడో కొంచెం తేడా ఉందని తెలుస్తోంది. ఎక్కడో తెలియట్లేదు.

---

జయపురం_తాత · సోమవారం రాత్రి 10:35

బాబూ ఇచ్ఛాపురం, నీ సగటు ఆలోచన చాలా మంచిది. వరసకి రెండే బల్లలుంటే అది అక్షరాలా నిజం కూడా. అక్కడ ఏ వరస తరవాతయినా సరిగ్గా 3 వరసలే కుదురుతాయి, కాబట్టి 7 వరసలకి 6 × 3 × 3 × 3 × 3 × 3 × 3 = 4,374. మూడో బల్ల వచ్చి చేరాకే చిక్కు మొదలవుతుంది.

మాస్టారూ, బల్ల బల్లకీ లెక్కపెట్టకండి. వరస వరసకీ లెక్కపెట్టండి. తరవాతి వరసకి కావలసింది తన ముందు వరస ఒక్కటే. అంతకు ముందు ఏం జరిగిందో దానికి అక్కర్లేదు.

ఒక వరసలో మూడు బల్లలకి 12 రకాలున్నాయి. వాటిని రెండు జాతులుగా విడదీయండి. రెండు చివర్లా ఒకే సెట్ ఉంటే, అంటే ఎబిఎ లాంటిదయితే, దాన్ని "జంట" అందాం. ఇవి 6. మూడూ వేర్వేరుగా, ఎబిసి లాగా ఉంటే "విడి" అందాం. ఇవీ 6.

ఎబిఎ వెనక ఏమేం కూర్చోవచ్చో రాసి చూడండి: బిఎబి, సిఎసి, బిసిబి, బిఎసి, సిఎబి. అయిదు. వీటిలో జంటలు 3, విడివి 2. మరి ఎబిసి వెనక? బిఎబి, బిసిబి, సిఎబి, బిసిఎ. నాలుగే. జంటలు 2, విడివి 2. సెట్ల పేర్లు ఎలా మార్చినా ఈ అంకెలు మారవు, అందుకే 12 వరసల్నీ విడివిడిగా చూడక్కర్లేదు.

కాబట్టి కొత్త జంటలు = పాత జంటలకి 3 రెట్లు + పాత విడి వాటికి 2 రెట్లు. కొత్త విడివి = రెండింటికీ 2 రెట్లు. ఇక పిల్లలే చేసేస్తారు:

1 వరస: జంట 6, విడి 6, మొత్తం 12
2 వరసలు: 30, 24, మొత్తం 54
3 వరసలు: 138, 108, మొత్తం 246
4 వరసలు: 630, 492, మొత్తం 1,122
5 వరసలు: 2,874, 2,244, మొత్తం 5,118
6 వరసలు: 13,110, 10,236, మొత్తం 23,346
7 వరసలు: 59,802, 46,692, మొత్తం 1,06,494

మీ గదికి జవాబు ఆఖరిది. సరిచూసుకోడానికి ఇంకో దారి ఉంది: ఏ మొత్తమయినా దాని ముందుదానికి 5 రెట్లలోంచి, ఆ ముందుదానికి 2 రెట్లు తీసేస్తే వస్తుంది. 5 × 54 − 2 × 12 = 246. ఇది మాత్రం పిల్లలకి చెప్పకండి, వాళ్ళే పట్టుకోనివ్వండి.

---

ఇచ్ఛాపురం_కుర్రాడు · సోమవారం రాత్రి 11:05

తాతగారూ, ఇప్పుడు నా తప్పు దొరికింది. రెండు వరసల దాకా నా సగటుకీ 54 వస్తోంది, మీకూ 54. మూడో వరసకి నాకు 243, మీకు 246. జంట వెనక 5, విడి వెనక 4, కాబట్టి సగటు 4.5 అని పట్టుకున్నాను. ఆ సగటు జంటలూ విడివీ సమానంగా ఉంటేనే నిజం. 54లో జంటలు 30, విడివి 24. పిల్లలెక్కువున్న ఇంటివాళ్ళే తరవాతి తరంలో కూడా ఎక్కువ కనిపిస్తారు కదా, అలాగన్నమాట. ఆ మూడు తేడా పెరిగి పెరిగి ఏడో వరసకి దాదాపు ఏడు వేలయ్యింది.

---

జయపురం_తాత · సోమవారం రాత్రి 11:12

సరిగ్గా పట్టుకున్నావు బాబూ. ఆ ఇంటి పోలిక నేనూ దాచుకుంటాను.

---

గుణుపురం_కోడలు · మంగళవారం ఉదయం 6:50

పుట్టిల్లు పాలకొండ, మెట్టినిల్లు గుణుపురం. ఇంటి నుంచే ప్రోగ్రామింగ్ పని చేస్తాను. పిల్లాడు లేవకముందు పైథాన్‌లో 21 బల్లలకీ ఒక్కో రకం నిజంగా పేర్చి లెక్కపెట్టించాను. 1,06,494 వచ్చింది. తాతగారి పట్టిక కరెక్టు.

మాస్టారండీ, మీ అసలు అవసరం లెక్క ఒక్కటే కాదు కదా, ఈసారి ఏదో ఒక రకాన్ని పక్షపాతం లేకుండా తీయాలి. అక్కడ ఒక జాగ్రత్త. మొదటి వరసకి చీటీలు వేసి ఏదో ఒకటి తీసి, దాని వెనక కుదిరేవాటిలో ఇంకోటి తీసి, అలా పోతే ఆ 1,06,494 రకాలకీ సమానమైన అవకాశం రాదు. కుర్రాడు చెప్పిన కారణమే. జంట వరసతో మొదలైతే వెనక 6 వరసల్ని 9,967 రకాలుగా నింపొచ్చు. విడి వరసతో మొదలైతే 7,782 రకాలే. కాబట్టి మొదటి వరసని జంటగా పెట్టే అవకాశం సగం కాదు, 17,749లో 9,967, అంటే నూటికి 56 పైచిలుకు ఉండాలి. తరవాత ప్రతి వరసకీ అంతే: దాని వెనక ఎన్ని రకాలుగా పూర్తవుతుందో చూసి, ఆ తూకంతో తీయాలి. పట్టికని కింద నుంచి పైకి చదివితే ఆ తూకాలన్నీ అందులోనే ఉన్నాయి.

చీటీల డబ్బాతో చేయాలంటే ఇంకో సులువు: 1 నుంచి 1,06,494 లోపు ఒక సంఖ్య ఎంచుకుని, పట్టిక సాయంతో ఆ నంబరు రకం ఏదో విప్పుకోవచ్చు. కావాలంటే ఆ మెట్లు రాసి పెడతాను.

---

బరంపురం_మగ్గం · మంగళవారం మధ్యాహ్నం 2:15

ఇది చదువుతుంటే మా ఇంటి పనే కనిపించింది. మాది బరంపురం, పట్టు నేత. ఫొడా కుంభ అంచు చీరలు మా వీధిలో ఇంటింటా నేస్తారు. నాన్నగారు కొత్త గళ్ళ డిజైన్ ఏదయినా ముందు గళ్ళ కాగితం మీద రంగు పెన్సిళ్ళతో వేస్తారు. పక్క గడి రంగూ ఈ గడి రంగూ ఒకటయితే రెండూ కలిసిపోయి ఒకే మచ్చలా కనిపిస్తాయని ఒప్పుకోరు. మాస్టారి షరతే.

నా సందేహం ఏటంటే, మాకు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అటూ ఇటూ మార్చితే అది కొత్త డిజైన్ కాదు. అదే డిజైన్, వేరే రంగులు. మూడు గడులు అడ్డం, మూడు నిలువు ఉన్న ముక్కకి మూడు రంగులతో 246 అన్నారు. మూడు రంగుల్ని మార్చుకునే రకాలు 6. 246ని 6తో భాగిస్తే 41 డిజైన్లు. బాగానే ఉంది. నాలుగో రంగు చేర్చి తాతగారి పద్ధతిలోనే వేసుకుంటే 9,612 వచ్చింది. నాలుగు రంగుల్ని మార్చుకునే రకాలు 24. భాగిస్తే 400.5! అర డిజైన్ ఎక్కడి నుంచి వచ్చింది? రెండుసార్లు వేశాను, అదే వచ్చింది. నా 9,612 తప్పా?

---

జయపురం_తాత · మంగళవారం సాయంత్రం 5:40

నీ 9,612 నిక్షేపంగా ఉంది నాయనా. తప్పు భాగహారంలో ఉంది.

ఒక డిజైన్‌ని 24 రకాలుగా రంగు మార్చొచ్చు అన్నది నాలుగు రంగులూ వాడిన డిజైన్‌కే. చదరంగం బల్లలాగా రెండే రంగులతో ఉన్న ముక్కని తీసుకో. అందులో రంగుల్ని 4 × 3 = 12 రకాలుగానే పెట్టగలవు. మిగిలిన రెండు రంగులూ అటూ ఇటూ మార్చినా ముక్క మీద ఏమీ మారదు. నువ్వు 24తో భాగించినప్పుడు ఆ ఒక్క డిజైన్ సగమే లెక్కలోకి వచ్చింది. నీ అర అదే.

సరిగ్గా చేద్దాం. మూడు రంగుల 246లో రెండే రంగులు వాడినవి 6. మూడూ వాడినవి 240, డిజైన్లు 40. ఇప్పుడు నాలుగు రంగుల 9,612 లోంచి, మూడే వాడినవి తీసెయ్: ఏ మూడన్నది 4 రకాలు, కాబట్టి 4 × 240 = 960. రెండే వాడినవి 12. మిగిలింది 8,640. దాన్ని 24తో భాగిస్తే 360. మొత్తం డిజైన్లు 360 + 40 + 1 = 401.

మూడు రంగుల దగ్గర ఈ ఇబ్బంది ఎందుకు రాలేదంటే, రెండు రంగులు వాడాక మిగిలేది ఒక్కటే రంగు. ఒక్కదాన్ని దేనితో మారుస్తావు? అందుకే 41 సరిపోయింది.

---

బరంపురం_మగ్గం · మంగళవారం రాత్రి 8:30

తాతగారూ, నాన్నగారికి చదివి వినిపించాను. "401, అందులో ఒకటి చదరంగం గడి" అని రెండుసార్లు అనుకున్నారు. కాగితాన్ని తిప్పి చూస్తే ఒకటయ్యేవి కూడా కలిపేస్తే ఇంకా తగ్గుతాయి కదా అన్నారు. తగ్గుతాయి గానీ మాకు అడ్డం వేరు, నిలువు వేరు. పడుగూ పేకా ఒకటి కాదు కాబట్టి ఆ లెక్క మాకు అక్కర్లేదు.

---

రాయగడ_ఫిజిక్స్ · మంగళవారం రాత్రి 11:25

ఎమ్మెస్సీ చదువుతున్నాను, ఇల్లు రాయగడ. ఇచ్ఛాపురం తమ్ముడికి ఒక మాట చెప్పాలనిపించి రాస్తున్నాను. నువ్వు వేసిన ఆ 1.5 సగటు చిన్నది కాదు. 1935లో లైనస్ పౌలింగ్ అనే రసాయన శాస్త్రవేత్త మంచుగడ్డ గురించి వేసిన అంచనా కూడా అదే 3/2.

సంగతి ఇదీ. మంచులో ప్రతి ఆక్సిజన్‌కీ నాలుగు వైపులా నాలుగు ఆక్సిజన్లుంటాయి. మధ్యలో ఉండే నాలుగు హైడ్రోజన్లలో రెండు తన దగ్గరగా, రెండు దూరంగా. ఆ నియమాన్ని 1933లో బెర్నాల్, ఫౌలర్ చెప్పారు. దాన్ని పాటిస్తూ ఎన్ని అమరికలు సాధ్యమన్నది ప్రశ్న. చల్లగా గడ్డకట్టాక కూడా మంచులో కొంత ఎంట్రొపీ (ఎన్ని అమరికలు సాధ్యమో చెప్పే కొలత) మిగిలిపోవడానికి కారణం ఆ అమరికలే.

కాగితం మీద గళ్ళలాగా పరిచిన మంచు అనుకోండి. ఇప్పుడు మాస్టారి సెట్లకి 0, 1, 2 అని పేర్లు పెట్టండి. పక్కపక్క బల్లలు వేర్వేరు కాబట్టి ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్తే 1 పెరుగుతుంది లేదా 1 తగ్గుతుంది (2 తరవాత మళ్ళీ 0). నాలుగు బల్లలు కలిసే మూల చుట్టూ ఒక చుట్టు తిరిగి మొదటి బల్లకే వస్తే, నాలుగు అడుగుల మొత్తం 3తో భాగించబడాలి. నాలుగు ప్లస్ ఒకట్లూ మైనస్ ఒకట్లూ కలిపితే వచ్చేవి −4, −2, 0, 2, 4. వీటిలో కుదిరేది 0 ఒక్కటే. అంటే రెండు పెరుగుదలలు, రెండు తగ్గుదలలు. వాటిని బాణాలుగా గీస్తే ప్రతి మూల దగ్గరా రెండు లోపలికి, రెండు బయటికి. అచ్చంగా మంచు నియమం! ఒక బల్లకి సెట్ నిర్ణయిస్తే మిగతాది బాణాలు చెప్పేస్తాయి. కాబట్టి మాస్టారి పంపకాల సంఖ్య బాణాల అమరికలకి సరిగ్గా 3 రెట్లు.

పౌలింగ్ లెక్క: ఒక మూల దగ్గర నాలుగు బాణాలకి 16 రకాలు, నియమానికి లొంగేవి 6. మూలకి రెండేసి బాణాలు లెక్కకొస్తాయి కాబట్టి 4 × 6/16 = 3/2. తమ్ముడి అంచనాకి తక్కువ వచ్చినట్టే, ఇక్కడా అసలు విలువ కొంచెం ఎక్కువ. 1967లో ఎలియట్ లీబ్ దాన్ని కచ్చితంగా కనిపెట్టాడు: 4/3ని తీసుకుని దాని ఘనానికి వర్గమూలం, అంటే సుమారు 1.5396. ఆయన పట్టుకున్నదీ తాతగారి దారే, వరస తరవాత వరస. కాకపోతే ఎంత వెడల్పయినా సరిపోయేలా చేశాడు. నాకు ఈ విషయం మొదటిసారి అర్థమయిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

మన గదితో పోల్చి చూడండి. వరసకి ఒక్కటే బల్లయితే బల్లకి 2 దారులు. రెండయితే √3, అంటే 1.732. మూడయితే తాతగారి పట్టిక వరస వరసకీ సుమారు 4.5616 రెట్లు పెరుగుతోంది, దాని ఘనమూలం 1.658. గది వెడల్పయ్యేకొద్దీ ఇది దిగుతూ దిగుతూ 1.5396 దగ్గరికి వెళ్తుంది.

---

పర్లాకిమిడి_మాస్టారు · బుధవారం రాత్రి 8:05

అందరికీ చేతులెత్తి దండం. ఇవాళ పట్టిక మొత్తం పిల్లలే వేశారు. ఎబిఎ వెనక ఏవి కూర్చుంటాయో చూడ్డానికి ముగ్గురు పిల్లల్ని ముందు నిలబెట్టి, మెళ్ళో అట్టలు తగిలించాం. అయిదో రకం, బిసిబి, దొరకడానికి అయిదు నిమిషాలు పట్టింది. దొరికినప్పుడు గది గది అంతా అరిచింది.

కానీ వెనక బల్ల కుర్రాడొకడు నిజాయితీగా ఒక మాట చెప్పాడు: "సార్, కాపీ కొట్టాలంటే పక్కకి చూడం, మూలకి చూస్తాం." ఎదురు వరసలో ఏటవాలుగా ఉన్న బల్ల మీది కాగితం అన్నిటికంటే బాగా కనబడుతుందిట. కూర్చుని చూశాను, నిజమే. నేనిన్నాళ్ళూ పంచిన ఎబిసి, బిసిఎలో మూలన ఉన్నవాడిది ప్రతిసారీ అదే సెట్! మూలలు కూడా వేరుగా ఉండాలంటే ఏం చేయాలి?

---

గుణుపురం_కోడలు · బుధవారం రాత్రి 9:30

మూడు సెట్లతో అసలు కుదరదు మాస్టారండీ. రెండు వరసల్లో ఎదురెదురుగా ఉన్న నాలుగు బల్లలు చూడండి, మూలలు కూడా లెక్కేస్తే ఒకదానికొకటి అన్నీ ఇరుగుపొరుగే. నాలుగింటికీ నాలుగు సెట్లు కావాలి. కాబట్టి డి సెట్ రాయక తప్పదు.

నాలుగు సెట్లుంటే, మూలల్ని వదిలేస్తే 68,66,21,772 రకాలు. మూలల్ని కూడా కలిపితే అది 792కి పడిపోతుంది! నాకే నమ్మకం కుదరక ప్రోగ్రామ్ రెండోసారి వేరేగా రాసి చూశాను.

కారణం చూస్తే సులువే. ముందు నుంచి వెనక్కి పోయే ఒక నిలువు వరసలో రెండు సెట్లే, ఎబిఎబి అని మారుతూ పోతాయి. దాని పక్క నిలువు వరసలో మిగిలిన రెండు సెట్లే మారుతూ ఉంటాయి. మొదటి నిలువుకి ఏ జత అన్నది 6 రకాలు, మూడు నిలువు వరసల్లో ఒక్కోదానికీ పైన ఏది మొదలవ్వాలన్నది 2 రకాలు: 6 × 8 = 48. లేదంటే ఇదే పద్ధతి అడ్డ వరసల్లో: 6 × 128 = 768. రెండు పద్ధతులకీ చెందినవి 24, రెండుసార్లు లెక్కలోకొచ్చాయి కాబట్టి ఒకసారి తీసేయాలి. 48 + 768 − 24 = 792.

ఈ రెండూ కాక మూడో పద్ధతి లేదు. ఒక అడ్డ వరసలో పక్కపక్కనే ఎ, బి, సి మూడూ వేరుగా వచ్చాయనుకోండి. బి వెనక బల్లకి డి ఒక్కటే మిగులుతుంది. అప్పుడు ఎ వెనక సి, సి వెనక ఎ తప్పదు. తరవాతి వరసలో మధ్యన మళ్ళీ బి. అలా నిలువు వరసలు తాళం వేసినట్టు బిగుసుకుపోతాయి. అలాంటి ముగ్గురు ఏ అడ్డ వరసలోనూ లేకపోతే, ప్రతి అడ్డ వరసా రెండు సెట్లతోనే నడుస్తున్నట్టు.

పరీక్షకి 792 చాలవా? ఏడాదికి పది పెట్టినా పిల్లలకి కంఠతా రావు.

---

పర్లాకిమిడి_మాస్టారు · శనివారం సాయంత్రం 4:50

డి సెట్ రాశాను. నిన్న పరీక్ష అయింది. పిల్లలు మూలలకి చూసి, కాగితం వేరని గ్రహించి, మళ్ళీ తమ కాగితంలోకి తిరగడం నా కళ్ళతో చూశాను.

మొదట ప్రశ్న అడిగిన అమ్మాయి ఇవాళ ఒక నోటుబుక్కు తెచ్చింది. వరసకి 4 బల్లలుంటే ఏమవుతుందో తనే వేసింది, మూలలు లేకుండా, మూడు సెట్లతో. ఒక వరసకి 24 రకాలు. వాటిని మూడు జాతులుగా విడదీసింది: ఎబిఎబి లాంటివి 6, ఎబిసిఎ లాంటివి 6, మిగతా 12 ఒక జాతి. ఎబిఎసి, ఎబిసిబి ఒకే జాతి ఎలా అయ్యాయమ్మా అంటే, "ఒకదాన్ని అద్దంలో చూసి పేర్లు మారిస్తే రెండోది సార్" అంది. ఎబిఎబి వెనక 8, పన్నెండింటి జాతి వెనక 7, ఎబిసిఎ వెనక 5. నేను ఒక్కోటీ చెరిపి మళ్ళీ వేశాను, తేడా రాలేదు.

తన మొత్తాలు: 24, 162, 1,122, 7,812. మూడో సంఖ్య కింద ఎర్ర పెన్నుతో గీత గీసింది. మూడు వరసలు, వరసకి 4 బల్లలు: 1,122. తాతగారి పట్టికలో నాలుగు వరసలు, వరసకి 3 బల్లలు: అదీ 1,122. "గదిని పక్కకి తిప్పితే అదే గది కదా సార్, అందుకే నాది కరెక్టని తెలిసింది" అంది.

తాతగారూ, ఆ పేజీ ఫొటో పెడుతున్నాను, మీరు చూడాలి. సోమవారం వరసకి 5 బల్లలు మొదలుపెడతానంటోంది.

---

జయపురం_తాత · శనివారం సాయంత్రం 6:20

చూశాను మాస్టారూ. 5 బల్లలకి ఒక వరస 48 రకాలు. అద్దం వాడుకుంటే జాతులు 5 అవుతాయో 6 అవుతాయో ముందు తననే తేల్చుకోమనండి. అయిదు వరసల దాకా వెళ్తే 5,80,986 రావాలి. ఆ సంఖ్య మీ దగ్గరే ఉంచుకోండి, తను చేసి తెచ్చాక చూపించండి.